దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం: ప్రతిసారీ టీబీయేనా?

పొగ త్రాగేవారికి వచ్చే ఒక అరుదైన ఊపిరితిత్తుల వ్యాధి గురించి తెలుసుకుందాం



"రెండు వారాలకు మించి దగ్గు ఉంటే కఫం పరీక్ష చేయించుకోండి." ఈ మాట మీరు ఎన్నోసార్లు విని ఉంటారు, ఆసుపత్రి గోడల మీద చదివి ఉంటారు. అది ఎంతో మంచి మాట. మన దేశంలో టీబీ ఇంకా పెద్ద సమస్యగానే ఉంది. కనుక దగ్గు తగ్గనప్పుడు ముందుగా టీబీని అనుమానించడం సరైన పనే.

అయితే కఫంలో టీబీ క్రిమి కనబడకపోయినా, నెలల తరబడి మందులు మింగినా గుణం కనిపించకపోతే ఎలా? అప్పుడు "ఇది ఇంకేదైనా కావచ్చా?" అని డాక్టరుగారిని అడగవలసిన సమయం వచ్చిందన్నమాట. ముఖ్యంగా రోగి పొగ త్రాగేవాడైతే ఆ ప్రశ్న తప్పక అడగాలి. ఈ పాఠంలో అటువంటి ఒక వ్యాధిని గురించి వివరిస్తాను. దాని పేరు ఊపిరితిత్తుల లాంగర్‌హాన్స్ సెల్ హిస్టియోసైటోసిస్. పేరు నోరు తిరగనిది. విషయం మాత్రం అందరికీ అర్థమయ్యేదే.

నేను అడగని ప్రశ్న

కొన్నేళ్ళ క్రితం బాలాపూర్ పక్కనున్న ఒక బస్తీ నుండి ఒక తమ్ముడు మా ఓపీకి వచ్చాడు. ముప్పై రెండేళ్ళ వయసు, ఆటో నడుపుతాడు. నాలుగైదు నెలలుగా పొడి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం. ఆరు కిలోల బరువు తగ్గాడు. అప్పటికే వేరే చోట ఎక్స్‌రే చూసి టీబీ మందులు మొదలుపెట్టారు. కఫం రెండుసార్లు పరీక్షిస్తే రెండుసార్లూ క్రిమి లేదనే వచ్చింది. మందులు మాత్రం ఒక్కరోజు మానకుండా వాడుతున్నాడు. అయినా తేడా లేదు.

నేను బరువు చూశాను, బీపీ చూశాను, జ్వరం చూశాను. కార్డు మీద అన్నీ వ్రాశాను. ఆ కార్డులో "అలవాట్లు" అని ఒక గడి ఉంటుంది. ఆ రోజు ఓపీ నిండా జనం. మనిషి నెమ్మదస్తుడు, పక్కన భార్య ఉంది. ఆ గడి ఖాళీగా వదిలేశాను. రెండోసారి వచ్చినప్పుడు కూడా అది ఖాళీగానే ఉంది.

మూడోసారి అతను నడిచి రాలేదు. మధ్యాహ్నం పూట ఉన్నట్టుండి కుడివైపు ఛాతీలో పొడిచినట్టు నొప్పి వచ్చి, ఊపిరి ఆడక, పక్కింటివాళ్ళ ఆటోలో వేసుకుని తెచ్చారు. ఎక్స్‌రే తీస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరి అది ముడుచుకుపోయి ఉంది. దీనినే న్యుమోథొరాక్స్ అంటారు. డాక్టరుగారు వెంటనే ఛాతీలోకి గొట్టం వేసి గాలి బయటకు తీశారు. అతని చొక్కా విప్పి పక్కన పెడుతుంటే జేబులోంచి బీడీ కట్ట, అగ్గిపెట్టె జారి పడ్డాయి.

"తమ్ముడూ, రోజుకు ఎన్ని తాగుతావు?" అని అప్పుడు అడిగాను.

"ఎక్కువేం కాదు సిస్టర్. రెండు కట్టలు. పదిహేనేళ్ళప్పటి నుంచి తాగుతున్న" అన్నాడు.

ఆ మాటతోనే డాక్టరుగారి ఆలోచన మారింది. పెద్దాసుపత్రికి పంపి ఛాతీ సీటీ స్కాన్, ఆ తరువాత ముక్క పరీక్ష చేయించారు. టీబీ లేదని, ఇది పొగ వలన వచ్చిన లాంగర్‌హాన్స్ వ్యాధి అని తేలింది. మొదటిరోజే నేను ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే వారాల కాలం కలిసి వచ్చేది. అందుకే ఈ పాఠం వ్రాస్తున్నాను.

ఆ పేరు ఎలా వచ్చింది?

1868లో జర్మనీ దేశంలోని బెర్లిన్ నగరంలో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి చర్మాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలిస్తూ, కొమ్మలు చాచినట్టున్న కొత్తరకం కణాలను చూశాడు. అప్పటికి అతనికి ఇరవై ఒక్క ఏళ్ళు. అవి నరాలకు సంబంధించినవని అతడు అనుకున్నాడు. అవి మన శరీరానికి కాపలా కాసే రోగనిరోధక కణాలని చాలాకాలం తరువాత తెలిసింది. వాటికి అతని పేరే నిలిచిపోయింది.

షుగరు ఉన్నవారికి ఇంకో సంగతి చెప్పాలి. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాల గుంపులను కూడా మరుసటి ఏడాది, అనగా 1869లో, ఇతడే వర్ణించాడు. వాటిని నేటికీ లాంగర్‌హాన్స్ పుటికలు అంటారు. ఇంతటి శాస్త్రవేత్తకు కొద్దికాలానికే టీబీ సోకింది. ఉద్యోగం వదులుకుని మదీరా అనే దీవిలో స్థిరపడి 1888లో నలభై ఏళ్ళకే కన్నుమూశాడు. అతని పేరు పెట్టుకున్న వ్యాధి ఈనాడు టీబీగా పొరబడబడుతోందంటే వింతగానే ఉంటుంది.

పొగ లోపల ఏం చేస్తుంది?

మన ఊపిరితిత్తులను తలక్రిందులు చేసిన చెట్టులా ఊహించుకోండి. శ్వాసనాళం కాండం. అది రెండుగా, నాలుగుగా, ఇంకా సన్నని కొమ్మలుగా చీలుతూ పోయి చివరకు గాలి తిత్తులుగా ముగుస్తుంది. ఈ తిత్తులు ముప్పై కోట్లకు పైగా ఉంటాయి. మనం పీల్చిన ప్రాణవాయువు రక్తంలో కలిసేది అక్కడే.

సన్నని గాలి గొట్టాల లోపలి పొరలో లాంగర్‌హాన్స్ కణాలు కాపలాదారుల్లా కొద్ది సంఖ్యలో ఉంటాయి. బయటి నుండి వచ్చిన దుమ్ము, క్రిములు వంటివాటిని గుర్తుపట్టి మిగతా రక్షణ కణాలకు కబురు పంపడం వాటి పని. పొగాకు పొగలో 7,000కు పైగా రసాయనాలు ఉంటాయి. రోజూ ఇరవైసార్లు, ముప్పైసార్లు ఈ పొగ లోపలికి పోతుంటే గొట్టాల పొర గాయపడి ఎడతెగకుండా ప్రమాద సంకేతాలు పంపుతుంది. కాపలా కణాలు గుంపులు గుంపులుగా వచ్చి చేరుతాయి. వాటితోపాటు ఇతర తెల్లరక్త కణాలు కూడా చేరి చిన్న చిన్న గడ్డలు ఏర్పడతాయి. ఈ స్థితినే ఇన్‌ఫ్లమేషన్, అనగా వాపు అంటాము.

ఈ గడ్డలు మధ్యలో గుల్లబారి పలుచని గోడలున్న బుడగలుగా మారతాయి. కొన్ని బుడగలు ఒకదానితో ఒకటి కలిసి వంకర టింకరగా పెద్దవవుతాయి. మిగిలిన భాగం మచ్చకట్టి గట్టిపడుతుంది. ఊపిరితిత్తుల పై భాగం, మధ్య భాగం ఎక్కువగా దెబ్బతింటాయి. అడుగు భాగం చాలావరకు బాగానే ఉంటుంది. పైకి తేలిన బుడగ పగిలితే గాలి బయటకు వచ్చి ఊపిరితిత్తి చుట్టూ చేరుతుంది. మన ఆటో తమ్ముడికి జరిగింది అదే.

2010 తరువాత జరిగిన పరిశోధనలలో మరో విషయం బయటపడింది. చాలామంది రోగుల గడ్డలలోని కణాల జన్యువులలో, ముఖ్యంగా బీరాఫ్ అనే జన్యువులో, మార్పు కనిపించింది. అందువలన వైద్యులు ఇప్పుడు దీనిని వాపు లక్షణాలు, కణితి లక్షణాలు రెండూ ఉన్న వ్యాధిగా చూస్తున్నారు. అయినా ఇది మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్ వంటిది కాదు. దాని నడక వేరు, చికిత్స వేరు.

ఎవరికి వస్తుంది?

ఇది చాలా అరుదైన వ్యాధి. ఎక్కువగా ఇరవై నుండి నలభై ఏళ్ళ లోపువారిలో బయటపడుతుంది. ఈ వ్యాధి వచ్చిన పెద్దవారిలో నూటికి తొంభైమందికి పైగా పొగ త్రాగేవారు, లేదా ఒకప్పుడు త్రాగినవారు. గంజాయి పొగ పీల్చేవారిలో కూడా చూశారు. స్త్రీలైనా పురుషులైనా పొగ త్రాగితే ఈ వ్యాధికి తేడా లేదు.

"సిగరెట్లు కదా ప్రమాదం, బీడీ ఆకు సహజమైనది" అని కొందరు అంటారు. ఇది పెద్ద పొరపాటు. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాలలో మన అక్కచెల్లెళ్ళు తునికాకుతో చుట్టే బీడీలో పొగాకు తక్కువే కావచ్చు. కానీ తునికాకు గుండా గాలి సరిగా ఆడదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే గట్టిగా, మాటిమాటికీ దమ్ము లాగాలి. అందువలన తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్ కంటే తక్కువేమీ పోవు, ఎక్కువే పోతాయి. చుట్ట, హుక్కా కూడా పొగాకే. హుక్కాలో పొగ నీటిలోంచి వచ్చినంత మాత్రాన శుభ్రం కాదు.

2016-17లో జరిగిన జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో నూటికి 28.6 మంది ఏదో ఒక రూపంలో పొగాకు వాడుతున్నారు, 10.7 మంది పొగ త్రాగుతున్నారు. వీరందరికీ ఈ అరుదైన వ్యాధి వస్తుందని కాదు. గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్, దీర్ఘకాలపు దగ్గు ఆయాసాలు ఇంతకంటే చాలా ఎక్కువమందికి వస్తాయి. అయితే అవి ఎక్కువగా వయసు మీరాక వస్తాయి. ఈ వ్యాధి మాత్రం పిల్లలు చిన్నవాళ్ళుగా ఉండి, ఇల్లు గడవవలసిన వయసులోనే మనిషిని పట్టుకుంటుంది.

లక్షణాలు

1. వారాలు, నెలల తరబడి తగ్గని పొడి దగ్గు.
2. నడిచినా, మెట్లెక్కినా, బరువు ఎత్తినా ఆయాసం.
3. అలసట, బరువు తగ్గడం, కొందరిలో సన్నని జ్వరం, రాత్రిపూట చెమటలు.
4. ఉన్నట్టుండి ఒకవైపు ఛాతీనొప్పి, ఊపిరి ఆడకపోవడం. ఈ వ్యాధి ఉన్నవారిలో నూటికి 15 నుండి 20 మందికి ఎప్పుడో ఒకప్పుడు ఊపిరితిత్తి ఇలా ముడుచుకుపోవచ్చు.
5. కొద్దిమందిలో ఎముకల నొప్పి. పక్కటెముకలు, పుర్రె, తుంటి ఎముకలలో ఈ కణాలు చేరడం వలన ఇలా జరుగుతుంది.
6. కొద్దిమందిలో విపరీతమైన దాహం, అతిమూత్రం. మెదడు క్రింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతినడం దీనికి కారణం. ఇది షుగరు వ్యాధి కాదు, రక్తంలో చక్కెర మామూలుగానే ఉంటుంది.

కొంతమందికి ఏ లక్షణమూ ఉండదు. ఉద్యోగం కోసమో, ఆపరేషను కోసమో తీసిన ఎక్స్‌రేలో అనుకోకుండా బయటపడుతుంది.

టీబీ అని ఎందుకు పొరబడతారు?

కారణం సులభంగానే అర్థమవుతుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉంటాయి. టీబీ కూడా ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగాన్నే పడుతుంది. ఎక్స్‌రేలో మచ్చలు, గుల్లలు రెండింటిలోనూ కనిపిస్తాయి. నూరుమంది టీబీ రోగులను చూసిన కంటికి నూట ఒకటవ ఎక్స్‌రే కూడా టీబీలాగే అగుపిస్తుంది. ఇందులో డాక్టరును నిందించవలసిన పని లేదు. అయితే తేడాలను గమనించాలి.

మొదటిది, టీబీకి క్రిమి ఉంటుంది. కఫంలో దానిని వెదికే సీబీనాట్ అనే పరీక్ష ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా చేస్తారు. యంత్రంలో పెట్టిన రెండు గంటలలో ఫలితం చెబుతుంది. క్రిమి ఉన్నదీ లేనిదీ మాత్రమే గాక ముఖ్యమైన మందుకు అది లొంగుతుందో లేదో కూడా తెలుపుతుంది. లాంగర్‌హాన్స్ వ్యాధిలో ఏ క్రిమీ ఉండదు.

రెండవది, టీబీ అంటుకుంటుంది, ఇది అంటుకోదు. ఈ రోగి గిన్నెలు, మంచం వేరు చేయవలసిన అవసరం లేదు. పిల్లలను ఎత్తుకోవచ్చు.

మూడవది, సరైన టీబీ మందులు వాడితే సాధారణంగా కొద్ది వారాలలోనే ఆకలి పుడుతుంది, జ్వరం తగ్గుతుంది, బరువు పెరగడం మొదలవుతుంది. ఈ వ్యాధిలో టీబీ మందులు పనిచేయవు.

నాలుగవది, దగ్గులో రక్తం పడడం ఈ వ్యాధిలో తక్కువ. రక్తం పడితే టీబీ, క్యాన్సర్ వంటివి ఉన్నాయేమో తప్పక చూడాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఈ పాఠం చదివి "నాది టీబీ కాదేమో" అని మీ అంతట మీరు టీబీ మందులు ఆపకండి. సగంలో ఆపితే క్రిమి మొండిదై మందులకు లొంగకుండా పోతుంది. కఫంలో క్రిమి కనబడకపోయినా టీబీ ఉండే అవకాశం ఉంది. పైగా పొగ త్రాగేవారికి టీబీ వచ్చే ప్రమాదం కూడా ఎక్కువే. మీ అనుమానాన్ని డాక్టరుగారి ముందు పెట్టండి. నిర్ణయం పరీక్షలు చూసి వారు చేస్తారు.

ఏ పరీక్షలు చేస్తారు?

మామూలు ఎక్స్‌రేలో అనుమానం మాత్రమే కలుగుతుంది. ముఖ్యమైనది ఛాతీకి తీసే హెచ్‌ఆర్‌సీటీ స్కాన్. పొగ త్రాగే యువకుడికి ఊపిరితిత్తుల పై భాగంలో చిన్న గడ్డలు, వంకర టింకర బుడగలు కలిసి కనబడితే అనుభవమున్న డాక్టర్లు ఈ వ్యాధిని గట్టిగా అనుమానిస్తారు.

తరువాత శ్వాస పరీక్ష చేస్తారు. గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల శక్తిని కొలుస్తారు. ప్రాణవాయువు రక్తంలోకి ఎంత బాగా చేరుతున్నదో చూసే పరీక్ష కూడా ఉంది. ఈ వ్యాధిలో ఎక్కువగా తగ్గేది అదే. అవసరమైతే బ్రాంకోస్కోపీ ద్వారా లోపలి ద్రవాన్ని, లేదా ఆపరేషను ద్వారా చిన్న ముక్కను తీసి పరీక్షకు పంపుతారు. ఆ కణాలపై ఉండే ప్రత్యేక గుర్తులను చూసి వ్యాధిని నిర్ధారిస్తారు. గుండె మీద భారం పడుతున్నదేమో ఎకో పరీక్షలో తెలుస్తుంది.

"ముక్క తీస్తే జబ్బు పాకుతుంది" అని భయపడేవారిని చాలామందిని చూశాను. అది అపోహ. ముక్క పరీక్ష లేకుండా ఊహ మీద నెలల తరబడి మందులు మింగడమే ఎక్కువ నష్టం.

మన ప్రాంతంవారు ఛాతీ వ్యాధుల నిపుణులున్న ఆసుపత్రికి వెళ్ళడం మంచిది. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఇందుకు అందరికీ తెలిసినదే. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, స్కాన్ ఫిల్ములు, కఫం రిపోర్టులు, వాడిన మందుల చీటీలు అన్నీ తీసుకువెళ్ళండి. ఆరోగ్యశ్రీకి సంబంధించిన కార్డు ఉంటే వెంట ఉంచుకుని, ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగండి.

చికిత్స

మొదటి మందు ఏ మందుల షాపులోనూ దొరకదు. అది పొగ మానడం. పూర్తిగా మానడం. పొగ ఆగితే కాపలా కణాలకు వచ్చే ప్రమాద సంకేతాలు ఆగుతాయి. చాలామందిలో వ్యాధి అక్కడితో నిలిచిపోతుంది. కొందరిలో గడ్డలు కరిగిపోతాయి. బుడగలుగా మారిన భాగం, మచ్చకట్టిన భాగం మాత్రం తిరిగి మామూలు కావు. అందుకే ఎంత త్వరగా మానితే అంత ఊపిరితిత్తి మిగులుతుంది.

నిజం దాచకూడదు గనుక ఇంకొక మాట. పొగ మానినా కొందరిలో వ్యాధి ముదురుతుంది. అటువంటివారికి డాక్టర్లు క్లాడ్రిబిన్ వంటి మందులు ఇస్తారు. జన్యు మార్పు ఉన్న కొందరికి దానిపైనే పనిచేసే కొత్త మందులు కూడా వచ్చాయి. స్టెరాయిడ్లు కొందరికి ఇస్తారు గాని వాటి మేలు పరిమితమే. టీబీ ఉన్నదీ లేనిదీ తేల్చకుండా స్టెరాయిడ్లు మొదలుపెడితే దాగిన టీబీ విజృంభించవచ్చు. మందుల షాపులో అడిగి ఎప్పుడూ వాడకండి.

ఊపిరితిత్తులు బాగా చెడిపోయినవారికి ఇంట్లో ఆక్సిజన్, చివరి మార్గంగా ఊపిరితిత్తుల మార్పిడి ఉన్నాయి. మార్పిడి తరువాత మళ్ళీ పొగ మొదలుపెట్టినవారికి కొత్త ఊపిరితిత్తిలో కూడా ఈ వ్యాధి తిరిగి వచ్చిన సందర్భాలున్నాయి. దీనినిబట్టి పొగ పాత్ర ఎంతటిదో గ్రహించండి.

ఏటా ఫ్లూ టీకా, డాక్టరు చెప్పిన విధంగా న్యుమోనియా టీకా వేయించుకోవాలి. మొదటి రెండు మూడు సంవత్సరాలు క్రమం తప్పక శ్వాస పరీక్షకు వెళ్ళాలి. ఒకసారి ఊపిరితిత్తి ముడుచుకున్నవారు విమాన ప్రయాణానికి ముందు డాక్టరుగారి అనుమతి తీసుకోవాలి. ఈ వ్యాధి ఉన్నవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం కూడా ఎక్కువ కనుక తనిఖీలు మానకూడదు.

ఛాతీలో హఠాత్తుగా నొప్పి, ఆయాసం వస్తే "గ్యాస్ నొప్పిలే" అని సోడా త్రాగి కూర్చోకండి. రోగిని పడుకోబెట్టకుండా ఆనించి కూర్చోబెట్టి, 108కి ఫోన్ చేసి, వెంటనే ఆసుపత్రికి చేర్చండి.

ఈ కుటుంబానికి చెందిన మరి రెండు

పొగ వలన వచ్చే అరుదైన వాపు వ్యాధులు ఇంకా ఉన్నాయి. ఒకటి డెస్క్వామేటివ్ ఇంటర్‌స్టీషియల్ న్యుమోనియా. 1965లో దీనిని మొదట వర్ణించినప్పుడు గాలి తిత్తుల లోపలి పొర రాలిపడుతున్నదని భావించి ఆ పేరు పెట్టారు. తిత్తులలో నిండేది రాలిన పొర కాదని, పొగ మసిని మింగి గోధుమరంగుకు తిరిగిన పాకీ కణాలని తరువాత తెలిసింది. ఇది ఎక్కువగా నలభై, యాభై ఏళ్ళవారిలో వస్తుంది. రెండవది సన్నని గాలి గొట్టాల చుట్టూ అదే కణాలు చేరి వచ్చే రెస్పిరేటరీ బ్రాంకియోలైటిస్. మూడింటికీ మొదటి చికిత్స ఒక్కటే, పొగ మానడం.

పొగ మానడం ఎలా?

"మానెయ్యి" అని చెప్పడం సులువు. నికోటిన్ అలవాటు మెదడును పట్టుకుంటుంది. అది కేవలం మనోబలానికి సంబంధించిన విషయం కాదు. మానిన మొదటి రెండు మూడు రోజులు చాలా కష్టం. చిరాకు, నిద్రపట్టకపోవడం, తలనొప్పి, ఆకలి పెరగడం ఉంటాయి. రెండు నుండి నాలుగు వారాలలో ఇవి తగ్గిపోతాయి.

1. ఒక తేదీ పెట్టుకోండి. ఈ వారం, పది రోజులలోనే ఉండాలి. పండుగ తరువాత, పెళ్ళి తరువాత అని వాయిదా వేయకండి.
2. ఆ రోజు కట్ట, అగ్గిపెట్టె, లైటరు పారవేయండి. "ఒకటి ఉంచుకుందాం" అనుకోవద్దు.
3. ఎప్పుడెప్పుడు త్రాగాలనిపిస్తుందో వ్రాసుకోండి. చాయ్‌తో, భోజనం తరువాత, ఆటో స్టాండులో, మందు సీసా ముందు. ఆ సమయాలకు వేరే ఏర్పాటు చేసుకోండి.
4. కోరిక పుట్టిన క్షణంలో కొద్ది నిమిషాలు ఆగండి. గట్టిగా ఊపిరి పీల్చి వదలండి. నీళ్ళు త్రాగండి. అక్కడి నుండి లేచి వేరే పని చేయండి. ఆ తీవ్రత కొద్ది నిమిషాలలో దానంతట అదే తగ్గుతుంది.
5. సోంపు, లవంగం, వేయించిన శనగలు జేబులో ఉంచుకోండి. గుట్కా, ఖైనీ మాత్రం వద్దు. అది ఒక గుంటలోంచి లేచి ఇంకో గుంటలో పడడమే.
6. డాక్టరును అడిగితే నికోటిన్ చూయింగ్ గమ్, పట్టీలు, అవసరమైతే మాత్రలు ఇస్తారు. వీటితో మానగలిగే అవకాశం పెరుగుతుంది.
7. ప్రభుత్వ ఉచిత సహాయ ఫోను 1800-11-2356. సిగరెట్, బీడీ ప్యాకెట్ల మీద కూడా ఈ నంబరు ఉంటుంది.

ఈ-సిగరెట్‌తో మానేస్తామని కొందరు యువకులు అడుగుతున్నారు. వాటి అమ్మకాన్ని మన దేశంలో 2019లోనే నిషేధించారు. తెలంగాణలో హుక్కా కేంద్రాలను 2024లో చట్టం ద్వారా నిషేధించారు. బహిరంగ ప్రదేశాలలో పొగ త్రాగడంపై నిషేధం 2008 అక్టోబరు 2 నుండి దేశమంతటా అమలులో ఉంది. చట్టాలు మన పిల్లల ఊపిరితిత్తుల కోసమే అని గుర్తించండి.

ఇంట్లోవారికి ఒక మాట

ఆటో తమ్ముడి భార్య ఒకరోజు నాతో, "సిస్టర్, తిట్టిన, ఏడ్చిన, అన్నం తినకుండ పండుకున్న. ఆయన వినడు" అంది. నేను ఆమెకు చెప్పినది మీకూ చెబుతాను. తిట్టడం వలన మనిషి దాచుకుని త్రాగుతాడు, మానడు. ఎన్ని రోజులు త్రాగకుండా ఉన్నాడో లెక్కపెట్టి మెచ్చుకోండి. ఒకసారి జారితే "నీ వల్ల కాదు" అనకండి, "రేపటి నుండి మళ్ళీ మొదలుపెట్టు" అనండి. చాలామంది ఒక్క ప్రయత్నంలో మానలేరు. పలు ప్రయత్నాల తరువాత మానినవారే ఎక్కువ. ఇంట్లో వేరే ఎవరైనా త్రాగుతుంటే వారూ మానాలి. పక్కవారి పొగ కూడా రోగికి విషమే.

సందేహాలు, సమాధానాలు

ఇది వంశపారంపర్యమా?
కాదు. తండ్రికి ఉన్నంత మాత్రాన పిల్లలకు రాదు. తండ్రిని చూసి కొడుకు పొగ మొదలుపెట్టడమే మనం భయపడవలసిన విషయం.

రోజుకు రెండు మూడుకు తగ్గిస్తే చాలదా?
చాలదు. ఈ వ్యాధిలో కొద్ది పొగ కూడా నిప్పును రాజేస్తూనే ఉంటుంది.

రోగి పని చేసుకోవచ్చా?
ఆయాసాన్నిబట్టి చేసుకోవచ్చు. రోజూ నడక మంచిది. పొగ, దుమ్ము ఎక్కువగా ఉండే చోట పని మానుకోవడం మేలు.

ఆ తమ్ముడు ఎలా ఉన్నాడు?

మొదటిసారి నెలరోజులు మానాడు. వినాయక నిమజ్జనం నాడు స్నేహితులతో కలిసి మళ్ళీ ముట్టించాడు. సిగ్గుపడి మూడు వారాలు మా దగ్గరకు రాలేదు. భార్య వెళ్ళి తీసుకువచ్చింది. మేము ఎవరమూ ఏమీ అనలేదు, కొత్త తేదీ వ్రాసి ఇచ్చాము. రెండోసారి నిలబడ్డాడు. ఏడాది తరువాత తీసిన స్కాన్‌లో గడ్డలు చాలావరకు తగ్గాయి, బుడగలు అలాగే ఉన్నాయి. ఇప్పుడు మళ్ళీ ఆటో నడుపుతున్నాడు. రెండో అంతస్తుకు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి ఆగాలి. పోయిన ఊపిరి తిరిగి రాలేదు, మిగిలినది నిలిచింది.

నేను ఇప్పుడు కార్డు మీద ఆ గడి ఎప్పుడూ ఖాళీగా వదలను. మేము అడగడం మరచిపోతే మీరే చెప్పండి: "సిస్టర్, నేను పొగ తాగుతాను." సిగ్గుపడవలసిన పని లేదు. ఆ ఒక్క మాట మీ ప్రాణాన్ని కాపాడవచ్చు.

గుర్తుంచుకోండి

* రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష తప్పనిసరి.
* టీబీ మందులు వాడుతున్నా గుణం లేకపోతే మళ్ళీ పరీక్షించమని అడగండి. మందులు మీరై మీరు ఆపకండి.
* మీ పొగ అలవాటును డాక్టరుకు దాచకండి. ఎన్నేళ్ళు, రోజుకు ఎన్ని అనేది లెక్కతో చెప్పండి.
* హఠాత్తుగా ఛాతీనొప్పి, ఆయాసం వస్తే ఆలస్యం చేయకండి.
* బీడీ, సిగరెట్, చుట్ట, హుక్కా ఏదైనా ఒక్కటే. పూర్తిగా మానడమే మొదటి చికిత్స.